తియ్యటి బోరు

అన్న బోర్లు వేస్తాడు. నేను మట్టి, నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. మూడేళ్ల కిందట వదిన అరచేతుల్లో గట్టిగా గింజల్లాంటివి లేచాయి, మెడ కింద నల్లమచ్చలు పడ్డాయి. అంటుకుంటుందేమోనని అన్న ఆమె మంచం వెనకగదిలో వేయించాడు. వద్దని నేను అనలేదు. ఆమె ముట్టుకున్న గ్లాసును నేనూ రెండుసార్లు కడిగేదాన్ని.

మొన్న ల్యాబుకు కొత్త యంత్రం వచ్చింది. సరిచూసుకోవడానికి ఎవరింటి నుంచైనా మంచినీళ్లు తెమ్మన్నారు ఆఫీసరు. మా బోరు నీళ్లంత తియ్యటివి ఎక్కడా లేవని అన్నకు గొప్ప. ఒక సీసా పట్టుకెళ్లాను. ఉండదగిన దానికి ఎనిమిది రెట్లు ఆర్సెనిక్ విషం చూపించింది యంత్రం. మూడుసార్లు చేశాను. అదే అంకె.

"ఏదైనా ఫ్యాక్టరీ వదిలిందంటారా సార్?"

"ఇక్కడ ఫ్యాక్టరీ ఎక్కడుందమ్మా? లోతు మట్టిలో ఎప్పట్నుంచో ఉన్నదే, నీళ్లలోకి దిగుతోంది. సహజం అని రాయి."

"మా వదిన చేతులు ఈ విషానికే పాడైపోయాయి సార్."

"ఎవరి మీద ఫిర్యాదు చేస్తావు, మట్టి మీదా?"

అన్న పగలంతా పని దగ్గరి నీళ్లు తాగుతాడు, నేను ల్యాబులోవి. పొద్దస్తమానం ఆ నీళ్లే తాగింది వదినొక్కతే.

నేను తెచ్చిన పరీక్ష కాగితం అన్న రెండుసార్లు చదివాడు. "పైన ఉప్పునీళ్లు పడ్డాయి. బయటి నుంచి నీళ్లు మోయలేకపోతోందని మీ వదిన కోసమే ఇంకా లోతుకు దించా" అన్నాడు. లేచి మోటారు వైరు పీకేశాడు. వెనకగదిలోకి వెళ్లి, "అంటుకునేది కాదంట. మంచం ముందుకు మారుస్తా" అన్నాడు.

వదిన చొక్కాకు గుండీ కుడుతోంది. తలెత్తలేదు.

"కాగితం వచ్చాక నేను మనిషినయ్యానా?"

"తెలీక చేశానే."

"నీళ్లకి తెలీదు, సరే. మీకు కళ్లున్నాయి కదా." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చేసేది ఆ ఉద్యోగమే. ఒక్కనాడైనా ఈ నీళ్లు పట్టుకెళ్లాలని తోచలేదా?"



మర్నాడు పొద్దున్నే అన్న, తాను అంతే లోతుకు బోరు వేసిన ఇళ్లకు, ఆ నీళ్లు తాగొద్దని చెప్పడానికి బయల్దేరాడు. మొదటి ఇంటాయన వినలేదు. "నీళ్ల ట్యాంకర్ల వ్యాపారం పెడుతున్నావా ఏంటి?" అన్నాడు. అన్న ఇంటికి తిరిగొచ్చాడు. వదిన అతని ముఖం చూసింది, చెప్పులు వేసుకుంది. ముగ్గురం వెళ్లాం. ప్రతి గుమ్మంలోనూ మాట్లాడకుండా అరచేతులు చాపి చూపించింది.

ఐదో ఇంటావిడ అంతా విని, మోటారు ఆపేస్తామంది. మేం కదిలేసరికి వెనకే వచ్చి, "మీరు గేటు ముట్టుకోకండి, నేనే వేసుకుంటా" అంది వదినతో.

వదిన పక్కింటి వైపు నడిచింది.