టైళ్ళ మీద పిట్టలు

ముందు జరిగింది వెనక చెబుతానేమో, ఈమధ్య వరస గుర్తుండటం లేదు. ముసురు పట్టిన నెల అన్నది మాత్రం ఖాయం. ఛున్‌మెయ్ నూడుల్స్ కొట్లో గోడ మీద పేజీలు తేలేది అప్పుడే.

తైపేలో ఆ వీధి వాళ్ళకి అది కొత్త కాదు. పులుసు ఆవిరి పట్టగానే, ఎప్పుడో మూసేసిన ఇంటర్నెట్ పేజీలు టైళ్ళ మీదికి వస్తాయి. ఎవరివో పిల్లి ఫొటోలు, ఎవరివో వంటలు. గోడ పక్కన కూర్చున్నవాళ్ళు తమ టైళ్ళు తామే తుడుచుకోవాలి, లేకపోతే చొక్కా తడుస్తుంది. ఒకసారి తుడిచిన పేజీ మళ్ళీ తేలదు.

ఆ మధ్యాహ్నం లియావ్, గువో వచ్చారు. ఒక చిన్న గిన్నె చెప్పి మూడు గంటలు కూర్చునే పెద్దమనుషులు. రాబోయే వెబ్ ఎలా ఉంటుందన్నది నాలుగేళ్ళుగా తేల్చలేదు. రెండోది అయిపోయిందట, మూడోది వచ్చిందట, నాలుగోది దార్లో ఉందట. కళ్ళతో చూసినవాడు లేడు.

"ఇక తెరలుండవు. లోకమంతా కళ్ళజోడులోనే," అన్నాడు గువో.

"నీ జోడు ఆవిరికే మసకబారింది, ముందు అది తుడుచుకో," అన్నాడు లియావ్. "రాబోయే వెబ్‌లో ఏదీ చెరగదు. జనం రాసుకున్నది జనానిదే."

"అంతా యంత్రాలే రాస్తాయన్నావుగా?"

"అది నిన్న."

ఎదురుగా ఛున్‌మెయ్ మేనకోడలు యీఛెన్ కూర్చుంది. పోయిన తండ్రి రాసిన పిట్టల పేజీ మాయమైన నాటినుంచి, 'ఏదీ చెరగదు' అనే మనిషి కోసమే చూస్తోంది ఆ పిల్ల. పదకొండేళ్ళ ఉద్యోగం వదిలి, లియావ్ కొత్తగా పెట్టిన వెబ్ కంపెనీలో చేరడానికి సంతకం ఒక్కటే మిగిలింది.

"పెట్టమ్మా," అని లియావ్ ఒప్పంద పత్రం జరిపాడు.

అప్పుడే అతని మోచేతి పక్కన నాలుగు టైళ్ళ నిండా ఒక పేజీ తేలింది. 'హాన్‌షెంగ్ చూసిన పిట్టలు.' లియావ్ గుడ్డ తీసి, చదవకుండానే పైనుంచి తుడవసాగాడు.

"ఆగండి. అది మా నాన్నది," అంది యీఛెన్.

"ఇలాంటివి లక్షలుంటాయమ్మా. పాత చెత్త."

ఛున్‌మెయ్ గరిటెతోనే వచ్చి గుడ్డ లాక్కుంది. "కింద ఎర్ర అక్షరాలు చదువు నాయనా. 'ముప్పై రోజుల్లో ఈ సేవ మూసేస్తాం, తర్వాత మా బాధ్యత లేదు. మేనేజర్ లియావ్ జెన్‌ఫు.' అప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే."

గువో నూడుల్స్ జుర్రుకుంటూ, "దాన్నే అనుభవం అంటారు," అన్నాడు.

అప్పటికే గుడ్డ కింద పద్దెనిమిది పిట్టలు పోయాయి. యీఛెన్ ఒప్పంద పత్రాన్ని వెనక్కి తిప్పింది.

"ఫ్యాన్ ఆపత్తా."

ఆవిరి ఆరేలోగా మిగిలినవన్నీ దాని మీద రాసుకుంది. మొదట రాసింది: 'పంతొమ్మిది. అయిదు రంగుల పిట్ట. ముందు చూసింది మా అమ్మాయే.' కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, సోమవారం పాత ఉద్యోగానికే వెళ్ళింది.

సుయున్, నేను చెప్పింది చెప్పినట్టు రాశావు కదా, ఒకసారి పేర్లు సరిచూడు తల్లీ. లియావ్ పేరు తప్పుపడినా ఫరవాలేదు. పంతొమ్మిదోది అయిదు రంగుల పిట్టేనా అని మాత్రం యీఛెన్‌ని అడుగు.