ఇరవై అయిదు రోజుల గీత

ఒసాకా ధాన్యం బజారులో సుగితా కమిషన్ దుకాణానికి వచ్చేవాళ్లు సుగితా మాటను సగమే నమ్మేవారు, హిసాయో గీతను మాత్రం కళ్లు మూసుకుని నమ్మేవారు. అందులో వాళ్ల తప్పేం లేదు. సుగితా నోరు తెరిస్తే ధర పెరుగుతుందనేవాడు. ఎవరు మునిగినా ఎవరు తేలినా కమిషన్ అతనిదే కదా! హిసాయో అసలు నోరే తెరిచేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లుగా, బజారు మూయగానే గోడకు అంటించిన గళ్ల కాగితం ముందు నిలబడి, ఆ రోజు బొబ్బర్లలాంటి అజుకి గింజల ధర పెరిగితే ఎర్ర కడ్డీ, తగ్గితే నల్ల కడ్డీ గీసేది. వాటి మీదుగా రెండు గీతలు లాగేది. ఒకటి అయిదు రోజుల సగటు ధర, రెండోది ఇరవై అయిదు రోజుల సగటు. చురుకైన చిన్న గీత, నిదానంగా నడిచే పెద్ద గీతను కింద నుంచి దాటి పైకి పోయిందంటే ధర దారి మళ్లిందని లెక్క. అలా దాటిన రోజున దుకాణంలో పండగే.

ఆ ఏడు ఆగస్టు ఇరవై తొమ్మిదిన దాటింది.

"చూశారా హిసాయో గారూ! వేసవంతా కాళ్లరిగేలా తిరిగాను, ఇవాళ్టికి కరుణించింది మీ గీత" అంటూ మినోసుకే చంకలు గుద్దుకున్నాడు. అరవై దాటిన మిఠాయి వ్యాపారి ఆయన. అజుకి పూర్ణం లేనిదే ఆయన దుకాణంలో పొయ్యి వెలగదు. "ఒకటో తారీకు పొద్దున తొలి బేరంలోనే కొనేస్తా. ఒక్క చలికాలానికి కాదు, మూడేళ్లకి సరిపడా! ఉన్నదంతా ఊడ్చి పెట్టేస్తున్నా."

"అంతానా?" అంది హిసాయో.

"మీరు గీశారు, నేను కొంటున్నా. ఇంకేం కావాలి?"

ఇక్కడ హిసాయో పద్ధతి కాస్త చెప్పాలి. ఇరవై అయిదు ధరలనూ రోజూ మొదటినుంచి కూడితే తెల్లారుతుంది. అందుకని నిన్నటి మొత్తంలోంచి అన్నిటికంటే పాత రోజును తీసేసి, కొత్త రోజును కలిపేది. చిటికెలో పని. కాకపోతే అందులో ఒకసారి తప్పు దొర్లితే అది మొత్తంలోనే కాపురం పెడుతుంది, దానంతటది పోదు. అందుకే నెలాఖరున ఇరవై అయిదునూ పూసల చట్రం మీద మళ్లీ కూడి సరిచూసుకోవాలి. జూలై ఆఖరున ఆమె కూడలేదు. ఎండ మండిపోతోంది, ముప్పై ఏళ్లలో ఒక్క తప్పూ రాలేదు, ఇప్పుడేం వస్తుందిలే అనుకుంది. అంతే, గర్వం!

ఆగస్టు ముప్పై ఒకటి సాయంత్రం కూడింది. అయిదువేలు తేడా. మళ్లీ కూడింది. మళ్లీ అదే. పాత లెక్కలు తిరగేస్తే దొరికింది: జూలై నడిమిలో ఒక రోజు వేల వరుసలో, అయిదు కింద లెక్కపెట్టే పై పూస ఒకటి చెయ్యి తగిలి జారిపోయింది. ఒక్క పూస! దాన్ని ఇరవై అయిదుతో భాగిస్తే రెండు వందల యెన్‌లు. పెద్ద గీత ఇన్నాళ్లూ ఉండాల్సిన చోటుకన్నా రెండు వందలు కిందే నడుస్తోంది. అసలు చోట పెడితే చిన్న గీత దాన్ని దాటనే లేదు.

హిసాయో ఆ పాత లెక్కల పుస్తకం పట్టుకుని సుగితా దగ్గరికి వెళ్లింది.

"ఓస్, ఇంతేనా?" అన్నాడు సుగితా. "రోజుకి ఇరవై చొప్పున పది రోజుల్లో పైకి జరిపేయండమ్మా. ఈగక్కూడా తెలీదు."

"రేపు మినోసుకే గారు కొంటున్నారు."

"కొనమని మీరు చెప్పారా? నేను చెప్పానా? పైగా ధర పెరగదని మీకెలా తెలుసు?"

అదీ నిజమే. ఆమెకు తెలియదు. ఆ రాత్రి, చేసిన తప్పుకన్నా దాన్ని దాచడం ఎంత తేలికో తలచుకుంటే భయమేసింది.

కాగితం మీద తప్పు రాస్తే రెండు గీతలతో కొట్టేసి పక్కన సొంత ముద్ర వేయడం అక్కడి ఆఫీసుల్లో అందరికీ అలవాటే. గోడ మీద పటానికి అలా చేయడం మాత్రం ఎవరూ చూసి ఎరగరు. ఒకటో తారీకు పొద్దున, దుకాణం నిండా జనం ఉండగా, హిసాయో స్టూలెక్కి జూలై నుంచి ఉన్న పెద్ద గీతను జంట గీతలతో కొట్టేసింది. రోజుకొకటి చొప్పున ముప్పై మూడు ముద్రలు వేసింది. రెండు వందలు పైన కొత్త గీత గీసింది.

మినోసుకే చేతిలో కొనుగోలు చీటీ ఉంది. "అయితే దాటలేదా?"

"దాటలేదు. పూస జారింది. తప్పు నాది." నడుము వంచి దండం పెట్టింది.

"ఇప్పుడు ధర పెరుగుతుందా, తగ్గుతుందా?"

"నాకెప్పుడూ తెలియదండీ. ఇంతవరకు ఎలా వచ్చిందో అదొక్కటే నాకు తెలుసు."

మినోసుకే చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. సుగితా పళ్లు నూరుతూ, రేపటినుంచి గీయడానికి ఇంకొకరిని చూసుకుంటానన్నాడు.

పదో తారీకున ఉత్తరాన హొక్కైదోలో అకాలపు మంచు పడింది. అజుకి చేలు మాడిపోయాయి. వారంలో ధర ఆకాశాన్నంటింది.

హిసాయో మినోసుకే దుకాణానికి వెళ్లింది. ఆయన అజుకికి బదులు చిలగడదుంప ఉడకబెట్టి పూర్ణం నూరుతున్నాడు.

"మీ తప్పుడు గీతను నమ్మి ఉంటే ఈపాటికి దొరబాబులా కాలు మీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి" అన్నాడు తలెత్తకుండా.

"అవునండీ."

"మరెందుకు చెప్పారమ్మా!" గరిటె గిన్నెలోకి విసిరేశాడు.

హిసాయోకు ఏడుపొచ్చింది. వయసు మీద పడ్డాక పరాయి గడపలో ఏడవడం ఎంత సిగ్గో తెలిసినా, ఆపుకుందామన్నా ఆగలేదు.

"ఏడవకండి. నాకు కోపంగానే ఉంది, చాన్నాళ్లు ఉంటుంది కూడా." గరిటె తీసి గిన్నె అంచుకు తుడిచాడు. "రేపు గీత ఎన్నింటికి గోడెక్కుతుంది?"

"నన్ను తీసేశారుగా. సుగితా గారు ఇంకొకరిని పెట్టారు."

"పొద్దున అక్కడికే వెళ్లొచ్చా. పదకొండుమందిమి. హిసాయో గారు గీస్తేనే మా బేరాలు మీ దుకాణంలో, లేదంటే మీకో దండం అని చెప్పొచ్చాం" అన్నాడు మినోసుకే. "ఇంకోసారి నెలాఖరున కూడకపోయారో, మీ ఇంటికొచ్చి మరీ తిడతా. ఇక వెళ్లండి, నా పూర్ణం మాడిపోతోంది."