కొండ దాటిన మబ్బు

ఈ సంగతి చెప్పడానికి తిహోమిర్ తాత వారంనుంచి ఎదురుచూస్తున్నాడు. ఊరి చరిత్ర రాస్తున్న లుబింక టీచరు నోటుబుక్కు తెరవగానే మీసం దువ్వాడు.

"రాసుకో అమ్మాయ్. వడగళ్ళ మబ్బొస్తే చర్చి గంట కొట్టి తరమడం మనవాళ్ళ ఆనవాయితీ. ఆ ఏడు కాటుకలా కమ్ముకొచ్చింది. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. మన ఊళ్ళో ఒక్క ద్రాక్షపండు రాలితే ఒట్టు!"

పక్కన అక్రోట్లు పగలగొడుతున్న భార్య స్టమేన తలెత్తకుండానే అంది. "ఆ మబ్బు ఎటు పోయిందో కూడా చెప్పవయ్యా."

తాత మీసం మీంచి చెయ్యి తీసేశాడు. "ఎటో... కొండ అవతలికి."

"కొండ అవతల మా నాన్న తోట ఉంది టీచరమ్మా. ఒక్క గుత్తి మిగల్లేదు. ఎవడా గంట కొట్టిన మొనగాడో చూసి, నాలుగు దులిపి పోదామని మర్నాడే కొండ దాటి వచ్చాను."

లుబింక కలం ఆగిపోయింది. "వచ్చి?"

స్టమేన ఒలిచిన అక్రోటు పప్పు మొగుడి చేతిలో పెట్టింది.

"వచ్చి యాభై రెండేళ్ళయింది. దులపడం ఇంకా పూర్తికాలేదు."