వల కింది పెట్టె

ఆయన నాలుగో డ్రమ్ము మూత అంచున వేలితో రాసి, ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన లేదు. కాగితం మీది పేరూ డ్రమ్ము మీది పేరూ అక్షరమక్షరం పోల్చాడు. ఎర్ర లేబుల్ ఉంది, బాణాలు పైకే ఉన్నాయి. అయినా చదివింది బుర్రకెక్కక మళ్ళీ మొదటినుంచి చదివాడు.

విమానాల్లో పంపే ప్రమాదకరమైన సరుకును పరీక్షించడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా ఎన్ని పెట్టెలు వెనక్కి పంపాడో గాని, షెడ్డులో అందరికీ ఆయన ‘వద్దు బాబాయ్’. సన్నటి మనిషి. ఎడమచేతి మీద ఎప్పుడో పడ్డ యాసిడ్ చుక్కల మచ్చలు పెసరగింజల్లా ఉంటాయి.

ఆ రోజు ఆయనకు కాలు నిలవలేదు. ముందురోజు డ్యూటీ దిగే వేళ, పాత బట్టలని రాసిన అట్టపెట్టె ఒకటి వచ్చింది. ఎత్తితే లోపల ఏదో కదిలిన చప్పుడు. బట్టలు చప్పుడు చేయవు. కాని భార్య జ్వరంతో ఆసుపత్రిలో కూర్చుని రెండుసార్లు ఫోను చేసింది. విప్పి చూడకుండానే తనిఖీ ముద్ర వేసి పరుగెత్తాడు. ఆమెకు జ్వరం తగ్గింది. ఆయనకే కంటిమీద కునుకు లేదు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంటే, జ్వరం నాకా మీకా అని నవ్వింది.

వచ్చినప్పటినుంచీ ఆ పెట్టె కోసం ఆరా తీస్తూనే ఉన్నాడు. పదకొండింటికి లోడర్లు చెప్పారు: మధ్యాహ్నం విమానానికి కట్టిన సరుకులో, పైన బిగించిన వల కింద, అట్టడుగున ఉందట.

షిఫ్టు ఇన్‌ఛార్జికి పని నేర్పింది ఆయనే. వల విప్పించమని అడిగితే ఆవిడ గడియారం చూసుకుంది.

“ఇప్పుడు వల విప్పితే విమానం ఆలస్యమవుతుంది బాబాయ్. ముద్ర మీదే కదా?”

“నాదేనమ్మా. అందుకే విప్పమంటున్నా.”

లోడర్లు గొణుక్కుంటూ నలభై నిమిషాలు దించారు. పెట్టె అడుగు మూల తడిసి ఉంది. లోపల పాత దుప్పట్లు చుట్టిన ఆరు సీసాలు, ఇట్టే అంటుకునే పెయింటు థిన్నర్‌వి. ఒకదాని మూత వదులైంది. పైకి వెళ్ళి గాలి ఒత్తిడి తగ్గితే మిగతా మూతలూ ఏమవుతాయో ఆయనకు తెలుసు.

అందరూ భుజం తట్టారు. మళ్ళీ పరీక్షిస్తే దొరికిందని ఇన్‌ఛార్జి రిపోర్టు రాసింది. ఆయన ఆ కాగితం తీసుకుని, నిన్న చప్పుడు విని కూడా తానే పంపేశానని కింద రాశాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. “ఇది రాస్తే లైసెన్సు పోతుంది. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలే ఉంది మీకు. ఎవరూ అడగలేదుగా?”

“రేపు ఇంకొకళ్ళింట్లో జ్వరం వస్తుందమ్మా. రాసుంటే గుర్తుంటుంది.”

సాయంత్రం పైనుంచి ఫోను వచ్చింది. విచారణ తేలేదాకా రావద్దన్నారు. ఆయన గేటు దగ్గర కార్డు అప్పజెప్పి, ఎప్పటి బస్సుకే ఇంటికి వెళ్ళాడు. విచారణ తేలేలోగా ఆ పది నెలలూ గడిచిపోయాయి.

పెట్టెల అడుగులు చూడటానికి ఆయన పొడుగాటి కర్రకు కట్టుకున్న చిన్న అద్దం తూకం యంత్రం పక్క మేకుకు వేలాడుతూనే ఉండేది. షెడ్డు తలుపు తెరిచినప్పుడల్లా అది కదిలి, వెలుగుముక్క ఒకటి నేలమీది పెట్టెల మధ్య అటూ ఇటూ తిరిగేది.