బయట గడియ ఉన్న కిటికీ

మా వంటింటి కిటికీని వడ్రంగి వడ్ల లక్ష్మీరాజం చెడగొట్టాడు. పదకొండేళ్ళు నేను బెల్లంపల్లిలో అందరికీ చెప్పిన మాట ఇదే.

మాది సొంత ఇల్లు. కంపెనీ క్వార్టర్ కాదు. గని లాంప్‌రూంలో పని చేసుకుంటూ కొన్న రెండర్రల పెంకుటిల్లు. వంటింట్లో పాత కిటికీ చిన్నది, చెదలు తిన్నది. డెబ్బై ఎనిమిదిలో దాన్ని తీసి పెద్దది పెట్టించాం. అడిగింది నా భార్య సారక్క. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "పొయ్యి మీదికి పెద్ద కిడికి కావాలె. తలుపులు బయటికి తెరుసుకోవాలె. పొగ పోవాలె" అని రెండు చేతులూ చాపి కొలత చూపించింది.

ముహూర్తం పెట్టించింది మా అమ్మ మల్లక్క. లక్ష్మీరాజం నవ్వాడు.

"దర్వాజకు చూసుడు ఎరుకే గని, కిడికికి గూడ ముహూర్తమేందవ్వా?"

"ఇంటికి పెట్టే ఏ చౌకట్టయినా చౌకట్టే. నీ పని నువ్వు చెయ్యి బిడ్డా" అంది మా అమ్మ.

అతను తలుపులు, చువ్వలు, గడియ అన్నీ దుకాణంలోనే బిగించి తెచ్చాడు. సారక్క చౌకట్టుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. మామిడాకులు కట్టాం. మంచి ఘడియలో నిలబెట్టాం. కొబ్బరికాయ కొట్టాం. గోడ కట్టే సుతారి దాని చుట్టూ సున్నం గచ్చు పెడుతుంటే వెనక హారతి పళ్ళెం పట్టుకున్న సారక్క అంది.

"ఇది ఉల్టా ఉన్నది. గడియ బయటికి వడ్డది."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు చూశారు. నేను అన్నాను.

"వంటింట్ల ఉండుడు నీ పని. చౌకట్టు నిలవెట్టుడు మా పని. గమ్మున ఉండు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చూస్తే నిజంగానే ఉల్టా. తలుపులు లోపలికి తెరుచుకుంటున్నాయి, గడియ సందు వైపు ఉంది. తడి ఆరకముందే తిప్పుతానని లక్ష్మీరాజం బతిమాలాడు. "పసుపు పెట్టి కాయ కొట్టినదాన్ని పీకుతవా? ఇల్లు నిలుస్తదా?" అని మా అమ్మ అతని మీదికి లేచింది. అంతే, ఆగిపోయింది. లక్ష్మీరాజంతో నేను మాటలు మానేశాను. ఇంట్లో మాత్రం సారక్కను అనేవాణ్ణి. "వాడు బయటి దిక్కుకు గుర్తని ఉలితోని మూడు గీతలు వెట్టిండు. నీ పసుపుతోని గవ్వి మూసుకపాయె."

తర్వాత ఆమె రోజులు ఎలా నడిచాయో చెబుతాను. ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఒక రోజు ఆమే చెప్పింది. అప్పటిదాకా నేను అడగలేదు.

నాకు మొదటి షిఫ్టు ఉంటే చీకటితోనే లేచేది. దీపం పట్టుకుని, ఇల్లు చుట్టి, సందులోకి పోయి, చువ్వల మధ్యన చెయ్యి పెట్టి గడియ తీసేది. మళ్ళీ ఇల్లు చుట్టి లోపలికొచ్చి తలుపులు తన వైపు లాగేది. లాగితే అవి పొయ్యి మీదికి వచ్చేవి. గిన్నె పెట్టే చోటుండేది కాదు. గిన్నె పెట్టాలంటే కిటికీ మూయాలి. మూస్తే కంపెనీ బొగ్గు పొగ అంతా ఆమె ముక్కులోకే. గాలి కావాల్నా, అన్నం కావాల్నా అని పూటపూటా ఎంచుకోవాలి. ఇంట్లోవాళ్ళకు అన్నం కావాలి కాబట్టి ఆమె ఎంచుకునేదేమీ లేకుండె. వానాకాలం ఇంకో పీడ. నీళ్ళు బయటికి జారాలని చెక్కిన వాలు లోపలికి తిరిగింది కదా, వాన నేరుగా పొయ్యిలోకి కారేది. తడిసిన బూడిద ఎత్తిపోసి, మళ్ళీ అంటించి, ఊది ఊది, నా టిఫిన్ డబ్బా కట్టేది. "ఇయ్యాల కూర పొగ వాసన కొడుతున్నది" అనేవాణ్ణి నేను. సాయంత్రం మళ్ళీ సందులోకి పోయి గడియ పెట్టి వచ్చేది. అక్కడ నిలబడితే ఆమెకు రోజూ ఒకటే అనిపించేదట. వంటింట్లో ఎవరినో బంధించారు, కావలికి తననే పెట్టారు. లోపలున్నదీ తనే, గడియ పెట్టేదీ తనే. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదట. ఒకసారి నవ్వారు కదా, అది చాలనుకుందట.

మా అమ్మ రెండేళ్ళకే పోయింది. పసుపు పెట్టిన చౌకట్టును ముట్టొద్దనే మనిషి ఇంట్లో లేదు. నేను తిప్పించలేదు. తిప్పిస్తే లక్ష్మీరాజాన్ని పిలవాలి. పిలిస్తే మాట్లాడాలి. నా పంతానికి ఇంకో తొమ్మిదేళ్ళు ఆమె పొగ తాగింది.

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఒక పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే సారక్క డబ్బా తెచ్చి ఇచ్చింది. కండ్లు నిప్పుల్లా ఉన్నాయి, కారుతున్నాయి. వాకిట్లో ఎవరో పోతున్నారు.

"గా కండ్లు తుడుసుకో. చూసినోళ్ళు నేను కొట్టిననుకుంటరు" అన్నాను.

ఆమె తుడుచుకుంది. ఆ మాటతోనే ఆమె లోపల ఏదో తేలిపోయిందట. ఇతనికి నా కండ్ల ఫికర్ లేదు, తన పేరు ఫికరే ఉంది అనుకుందట. కోపం కూడా రాలేదట. నిమ్మళమయిందట. ఇక ఇతని కోసం చూసే పని లేదు.

మరునాడు మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి వంటింటి గోడకు పెద్ద బొంద. కిటికీ వాకిట్లో పడుకోబెట్టి ఉంది. దాని పక్కన కూర్చుని లక్ష్మీరాజం రంగు గీకుతున్నాడు.

"నిన్నెవలు రమ్మన్నరు?" అన్నాను. పదకొండేళ్ళకు అతనితో నా మొదటి మాట.

"వదినె రమ్మన్నది. నువ్వు రమ్మనేదాక ఆగితే నా ఉలి తుప్పు వట్టిపోతుండె."

"పూజ చేసిన చౌకట్టు..."

లోపలినుంచి సారక్క వచ్చింది. కొంగు నడుముకు దోపి ఉంది, చేతులకు సున్నం. "మీ అవ్వ పోయి తొమ్మిదేండ్లాయె. ఇంకెవలికి భయపడుతున్నవ్?"

"చెడగొట్టినోన్నే మల్ల పిలుసుకొస్తివా?"

ఆమె నవ్వింది. పదకొండేళ్ళ కింద మేము నవ్విన నవ్వు కాదు అది.

"చెడగొట్టింది ఎవలో నేను చూడలేదనుకున్నవా? లక్ష్మీరాజం అప్పుడు ఇంట్లనే లేడు. మొలలు మరిచి దుకాణానికి పోయిండు. ఘడియ దాటుతదని మీ అవ్వ తొందర వెట్టింది. లేపింది నువ్వు, సుతారి. ఇద్దరే. వచ్చి చూసి గాయన తలకు చెయ్యి వెట్టుకున్నడు. గాయన మీదికే తోసినవ్."

నేను టిఫిన్ డబ్బా కింద పెట్టాను.

"ఇంకోటి. గా మూడు గీతల మీద నేను పసుపు రాయలే. అది బయటి దిక్కని నాకెరుకే. వేలంత జాగ ఇడిసి చుట్టూత రాసిన. నువ్వు చూడలే. చూడకపోంగ నా పసుపు మీద నేరం వెడితివి."

లక్ష్మీరాజం తల ఎత్తలేదు. గీకిన చోటు మీద అరచేత్తో దుమ్ము తుడిచాడు. లోపలి వైపు పెట్టిన ముఖం మీద ఉలి గీతలు మూడూ కనిపించాయి. వాటి చుట్టూ కట్టె పసుపు పట్టి ఉంది. గీతల దగ్గర పట్టలేదు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"చెప్పిన. ఉల్టా ఉన్నదన్న. నువ్వేమన్నవో యాదికున్నదా?"

యాదికుంది.

అప్పుడే, అక్కడే, బొంద ముందర నిలబడి మిగతాదంతా చెప్పింది. సందు, దీపం, తడి బూడిద, కావలి. గొంతు పెంచలేదు. పక్కింటివాళ్ళు వింటున్నారని నేను అటూ ఇటూ చూశాను. ఆమె చూడలేదు.

చివరికి లక్ష్మీరాజం అన్నాడు. "నాగన్నా, నిలవడి చూస్తవా, ఓ చెయ్యి ఏస్తవా?"

చొక్కా విప్పి వేశాను.

"ఘడియ ఎప్పుడున్నదో..." అని నోరు జారాను.

"పొద్దుగూకక ముందు" అంది సారక్క. లక్ష్మీరాజం పకపక నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ఏ ముఖం ఎటు ఉండాలో ఈసారి సారక్క చెప్పింది. మేము నిలబెట్టాం. పసుపు లేదు, కాయ లేదు. గచ్చు గట్టిపడేదాకా మూడు రోజులు వాకిట్లో మూడు రాళ్ళ మీద వండింది. నాలుగో నాడు లోపల పొయ్యి అంటించి, ఉన్నచోటే నిలబడి రెండు తలుపులూ బయటికి నెట్టింది. పొగ ఒక్కసారి పైకి లేచి, వంగి, కిటికీలోంచి బయటికి పోయింది. "ఇంత గాలి ఉన్నదా మన సందుల!" అంది. అన్నం అక్కడే పీట వేసుకుని తిన్నది. అంతకుముందు ఆమె వంటింట్లో కూర్చుని తినడం నేను చూడలేదు. తినేటప్పుడు ఆమె ముఖం ఎట్లుంటదో కూడా ఆ రోజే చూశాను.

వారం తర్వాత అడిగాను. "నన్ను మాఫీ చేసినవా?"

"మాఫీ ఎక్కడిది? కిడికి తిప్పుకున్న, అంతే."

ఆ మాటకు నా గుండె తేలికైంది. ఇరవై మూడేళ్ళలో ఆమె నాకు మొహమాటం లేకుండా ఇచ్చిన జవాబు అది. మాఫీ చేశానని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఆ కిటికీ దగ్గర ఆమె ఏడేళ్ళు బతికింది. తొంభై ఆరులో జ్వరంతో పోయింది. పోయేనాటికి కండ్లు ఎరుపు లేకుండా తెల్లగా ఉన్నాయి. నాకు మిగిలింది ఆ ఒక్క తృప్తి.

పదకొండో నాడు దినం చేశాం. భోజనాల బంతిలో కూర్చున్న మా మేనబావ దశరథం వంటింటి వైపు చూసి అన్నాడు. "లక్ష్మీరాజం చెడగొట్టిన కిడికి గదేనా, నాగయ్యా?"

లక్ష్మీరాజం అతనికి ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టాను.

"గాయన కాదు. నేను. సారక్క అప్పుడే చెప్పింది, నేను ఇనలే. పదకొండేండ్లు అబద్ధమాడిన."

దశరథం ఏదో సర్ది చెప్పబోయాడు. నేను చెయ్యి ఎత్తాను.

"అందరిముందట ఒక్కసారి చెప్పాలె, చెప్పిన. ఇగ ఈ ముచ్చట నా నోట ఎన్నడు రాదు. నన్నెవ్వలు అడగొద్దు. తినున్రి."