మాజీ మేయరు గారి లబ్ధిదారు

గోపాలకృష్ణంరాజు గారు మేయరు పదవి దిగి ఏడేళ్ళు దాటింది గానీ, ఆ సంగతి ఆయనకి ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ఇంటి గేటు మీద ‘మేయర్’ అన్న అక్షరాలు జానెడేసి ఉంటాయి, దాని ముందున్న ‘మాజీ’ చీమ తలకాయంత ఉంటుంది. కారు మీద ఆ మాజీ కూడా లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా మైకులో మాజీ అని పిలిచారంటే అక్షింతలు వేసేసి, భోజనం చెయ్యకుండా వచ్చేస్తారు. భీమవరం వైపు రాజుగారు పెళ్ళిభోజనం వదులుకున్నారంటే దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో మీరే ఊహించుకోండి.

ఆయనది ముప్పై ఏళ్ళ ప్రజాసేవ. ఆ సేవలో మూడు పార్టీలు మారారు, మూడుసార్లూ ప్రజల కోరిక మీదే. కోరిన ఆ ప్రజలు ఎవరో ఇంతవరకు ఎవరికీ కనపడలేదు. వార్డు ఆడవాళ్ళకి రిజర్వయినప్పుడు భార్య రత్నమాణిక్యం గారిని నిలబెట్టి గెలిపించారు, కౌన్సిల్ మీటింగులకి మాత్రం తనే వెళ్ళి కూర్చున్నారు. ఆవిడ ఆ ఐదేళ్ళూ వంటింట్లోనే ప్రజాసేవ చేశారు. తరవాత ఈయన మేయరయ్యి, నగరంలో ఎక్కడ జాగా కనపడితే అక్కడ తన పేరు చెక్కిన శిలాఫలకం పాతించారు.

ఇప్పుడు ఆయన ప్రాణమంతా ఒక చైర్మన్ పదవి మీద ఉంది. ప్రభుత్వం నామినేట్ చేసే పదవి. ఈసారి రాకపోతే ఇంకెప్పటికీ రాదని ఆయనకీ తెలుసు, అరవై తొమ్మిది నిండాయి. ఆ పొద్దున పార్టీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. లిస్టులో ఇద్దరే మిగిలారట, ఈయనా, కాకినాడ ఆయన ఒకరూ. మీ వల్ల బాగుపడ్డ లబ్ధిదారు ఒకరు మాట్లాడుతున్న రెండు నిమిషాల వీడియో సాయంత్రం ఐదింటికల్లా పంపండి, కాకినాడ ఆయనది నిన్ననే వచ్చేసింది, అన్నారు.

ఒకరేంటండీ, లక్షమంది ఉన్నారని రాజుగారు నవ్వేశారు. ఫోను పెట్టేశాక ఆ లక్షమందిలో ఒకరి పేరు గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ తగల్లేదు. పార్కు ఉంది కదా అనుకున్నారు. కడియం నుంచి రెండు లారీల మొక్కలు తెప్పించి నాటించిన పార్కు అది. ఫొటోలు తీసుకున్నాక మొక్కలకి నీళ్ళు పోసే దిక్కు లేక, ఇప్పుడక్కడ టిఫిను బళ్ళు పెట్టుకుంటున్నారు. కమ్యూనిటీ హాలుకి రాయి ఉంది, హాలు లేదు. పక్కనే కూరగాయలు తరుగుతున్న రత్నమాణిక్యం గారు, నేనైతే ఐదేళ్ళు మీరు చూపించిన చోట సంతకాలు పెట్టి లబ్ధి పొందానని చెప్పగలను, కావాలంటే వీడియో తీసుకోండి అన్నారు.

చివరికి బెత్లెహేంపేట ఏసమ్మ తట్టింది. ఆ పేట కుళాయి సంగతి ఆయన చెప్పని వేదిక లేదు, సభ లేదు. ప్రారంభోత్సవానికి పది నలభై రెండుకి ముహూర్తం. తన చేత్తో తిప్పగానే నీళ్ళు ఎగజిమ్మి పట్టుపంచె తడిసిపోయింది. పేటంతా చప్పట్లు కొట్టింది. ఏసమ్మ అనే తల్లి కొంగు కళ్ళకి ఒత్తుకుంది. ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ జీరపోతుంది. అది నటన కాదు. ముప్పై ఏళ్ళలో ఆయన మనస్ఫూర్తిగా నమ్మిన పని అదొక్కటే.

అప్పట్లో పీఏగా చేసి, ఇప్పుడు జీతం లేకుండా అదే పని చేస్తున్న అనిల్ కుమార్‌ని వెంటేసుకుని బయల్దేరారు. బెత్లెహేంపేట పేరు వినగానే అనిల్ కుమార్ మొహంలో రంగు మారింది. పార్కు దగ్గరే తీద్దాం సార్ అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనబోతే రాజుగారు కసిరారు.

ఏసమ్మ కడియం నర్సరీల్లో కూలికెళ్ళి అప్పుడే వచ్చింది. అరవై దాటిన మనిషి. మేయరు గారు మా పేటకి రావడమేంటండీ అని ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. కుళాయి పక్కనున్న శిలాఫలకం మీద ఆరేసిన లంగాలు గబగబా తీసేసింది. రాజుగారు తన పేరు చూసుకుని మురిసిపోయి, కుళాయి తిప్పమ్మా, నీళ్ళు పడుతూ మాట్లాడుదువుగాని అన్నారు. ఆవిడ అనిల్ కుమార్ వైపు చూసింది. అతను నేలవైపు చూశాడు. ఆవిడ కుళాయి తిప్పింది. గాలి కూడా రాలేదు.

“ఎప్పట్నించి రావట్లేదు?” అన్నారు రాజుగారు.

“మీరు ప్రారంభించిన రోజు మధ్యాహ్నం నుంచండి.”

తరవాత ఆవిడ ఎవరి మీదా నేరం మోపకుండా, నెమ్మదిగా చెప్పింది. ఆ వేళ చర్చి గోడ వెనకాల ట్యాంకరు నిలబెట్టి, దాని గొట్టం ఈ పైపుకి తగిలించారట. సభ అయ్యాక ట్యాంకరుతో పాటు నీళ్ళూ వెళ్ళిపోయాయట. మీకు తెలుసనే అనుకున్నామండి అంది.

రాజుగారు పీఏ వైపు తిరిగారు. మెయిన్ లైనుకి పైపు కలపడానికి ఇంకా ఆరు వారాలు పడుతుందని ఇంజనీరు ఆనాడే అన్నాడట. ముహూర్తం మీరు పెట్టేశారు, అంతకు ముందు నెల మైకు పనిచెయ్యలేదన్నవాణ్ణి చెత్త డిపోకి మార్పించారు, మీకు చెప్పే ధైర్యం ఎవరికుంది సార్ అన్నాడు అనిల్ కుమార్. ప్రారంభోత్సవం అయిపోయింది కాబట్టి ఆ ఆరు వారాల పని ఇంకెవరూ మొదలుపెట్టలేదు.

“మరి నువ్వు ఏడ్చావు కదా ఏసమ్మా. నా కళ్ళతో చూశాను.”

“ఏడ్చానండి. అప్పటికే నాకు గోడ వెనక ట్యాంకరు కనపడిపోయిందండి.”

రాజుగారు కుర్చీలో కూలబడ్డారు. ఎన్ని సభలు, ఎన్ని దండలు, ఎన్నిసార్లు ఈ కథ చెప్పి తనే కళ్ళు తుడుచుకున్నారు. ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళలో ఈ పేటవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? ఆయనకి నిజంగానే సిగ్గేసింది. అలవాటు లేని బాధ కావడంతో మొదట బీపీ అనుకుని మాత్ర కోసం జేబు తడుముకున్నారు.

జేబులో ఫోను చేతికి తగిలింది. టైము మూడున్నర. కాకినాడ ఆయన గుర్తొచ్చారు. సిగ్గు అక్కడితో ఆగిపోయింది.

“ట్యాంకరుకి ఫోన్ చెయ్యి,” అన్నారు.

“ఎక్కడ పెట్టమంటారు సార్?”

“అప్పుడెక్కడ పెట్టారో నీకు తెలీదా?”

ఏసమ్మని కాస్త నాలుగు ముక్కలు మంచిగా చెప్పమని బతిమాలారు. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు. అప్పుడు చప్పట్లు కొట్టమంటే కొట్టాం, ఇప్పుడు చెప్పమంటే చెప్తానండి, ట్యాంకరులో నీళ్ళు మాత్రం పేటకి వదిలెయ్యాలండి అంది. అంత చిన్న కోరిక కోరినందుకు రాజుగారు ఆవిణ్ణి మెచ్చుకున్నారు.

ట్యాంకరు రావడమే ఆలస్యం, పేటలో ఉన్న బిందెలన్నీ గోడ వెనక్కి వెళ్ళిపోయాయి. కుళాయి ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉండాలని రాజుగారి కోరిక. అనిల్ కుమార్ వెళ్ళి పిలిస్తే, పైపుకి పది చిల్లులున్నాయండి, సగం మట్టిలో పోతాయి, మేం ఇక్కడే పట్టుకుంటామండి అన్నారు. పది నిమిషాలు గొట్టం పైపుకి పెట్టనివ్వడానికే బోలెడు బతిమాలాల్సొచ్చింది. కుళాయి దగ్గర మిగిలింది ఏసమ్మ ఒక్కతే. మాటిచ్చింది కాబట్టి మిగిలింది.

అనిల్ కుమార్ రాజుగారి ఫోనులో తీయడం మొదలుపెట్టాడు. ఏసమ్మ మొదటిసారి ‘మాజీ మేయరు గారు’ అంది, రాజుగారు ఆపించి మాజీ తీయించారు. రెండోసారి చెబుతుంటే ఆటో హారను మోగింది. మూడోసారి బాగానే వచ్చింది గానీ ఆవిడ చూపు మాటిమాటికీ గోడవైపు పోతోందని ఆయనకి నచ్చలేదు. తొందరగా తియ్యండి బాబూ, అక్కడ నీళ్ళయిపోతాయి అని ఆవిడ ఒక్కసారి మెల్లగా అంది. ఇంకొక్కసారి, నవ్వుతూ చెప్పమ్మా, అన్నారు రాజుగారు. ఆవిడ నవ్వింది. మా రాజుగారు మా పేటకి నీళ్ళిచ్చారు, ఆయన చల్లగా ఉండాలి అని ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఆ కుళాయి నుంచి చిటికెన వేలు లావు ధార వస్తూ ఉంది. చెప్పడం అయ్యేసరికి అదీ ఆగిపోయింది.

ఏసమ్మ బిందె తీసుకుని గోడ వెనక్కి పరిగెత్తింది. ఆవిడ వెళ్ళేసరికి డ్రైవరు ఖాళీ ట్యాంకరు మూత బిగిస్తున్నాడు. కుళాయి కింద పట్టిన చెంబెడు నీళ్ళు తప్ప ఆవిడకి ఇంకేమీ దొరకలేదు.

రాజుగారు కారు పక్కన నిలబడి, వీడియో వెళ్ళిందా లేదా అని ఫోను చూసుకుంటున్నారు. నాలుగూ యాభై. వెళ్ళింది. ఏసమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

“రేపు కూడా వీడియో తీస్తారాండీ?” అంది.

ఆయన తలెత్తలేకపోయారు. ఏదో ఒకటి అనాలి కదా అని, ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్పే మాటే చెప్పారు.

“చూద్దాం ఏసమ్మా.”

“అలాగేనండి,” అంది ఆవిడ. “అయితే చీకటి పడకముందే బోరింగు దగ్గరికి వెళ్ళొస్తానండి.”