ఎవరూ పాడని పడవ

వేలంపాటలో పోటీ లేకపోతే కొనేవాడు సంబరపడతాడు. ఆ ఉదయం రేవు ఆఫీసు ముందు స్పానర్ కూడా సంబరపడ్డాడు. ఆ సంబరం ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు.

అతని అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. పెన్ను ఉండాల్సిన జేబులో ఎప్పుడూ స్పానర్ ఉంటుంది కాబట్టి ఆ పేరే అతుక్కుపోయింది. పడవల ఇంజన్లు బాగుచేయడం అతని పని. చెడిపోయిన పడవని ఎవరో ఒకరు లాక్కొచ్చేదాకా గట్టుమీద గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం ఆ పనిలో సగం. సొంత పడవ ఒకటుంటే సముద్రంలో ఆగిపోయినవాళ్ల దగ్గరికి తనే వెళ్లొచ్చు కదా అని ఎన్నాళ్లుగానో ఆశ.

సొంతదారులు వదిలేసిన పడవల్ని ఆ రోజు వేలం వేస్తున్నారు. జనం ఎగబడి పాడుతున్నారు. అడుగు కుళ్లిపోయిన దానికి కూడా ఇద్దరు పంతానికి పోయారు. ఆకుపచ్చ పడవ వంతు వచ్చేసరికి మాత్రం గుంపు మొత్తం నోరు కుట్టేసుకుంది. కొందరు తమ చెప్పులకేసి చూసుకున్నారు. తాళ్ల కొట్టు పెద్దాయన లేచి వెళ్లిపోయాడు.

స్పానర్ చెయ్యెత్తాడు.

"ఒకటోసారి," అన్నాడు వేలం గుమాస్తా. "రెండోసారి" అంటూ చుట్టూ చూశాడు, ఎవరైనా అడ్డం పడితే బాగుండునన్నట్టు. ఎవరూ పడలేదు.

మూడోసారీ అయ్యాక మైకు పక్కన పెట్టి, "ఉన్నది ఉన్నట్టుగా అమ్మేశాం. తర్వాత మా దగ్గరికి రాకూడదు. లోపల చూసుకున్నావా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంజను చూశాను. కొత్త పెళ్లికూతురిలా ఉంది."

"ఇంజను సంగతి కాదయ్యా," అని ఇంకేదో అనబోయి, వెనకే పై అధికారి నిలబడి ఉండటంతో మింగేశాడు.

ఆ మింగేసిన మాట స్పానర్ భార్య నోట బయటికొచ్చింది. ఆమె వలలు అల్లే షెడ్డులో పనిచేస్తుంది. ఊళ్లో ఏ సంగతైనా ముందు ఆ షెడ్డులోనే వినబడుతుంది. మధ్యాహ్నం కంచం ముందు పెట్టి, తను మాత్రం కూర్చోకుండా నిలబడింది.

"ఆ పడవ ఎవరిదో కనుక్కున్నావా?"

"ఎవరిదైతే ఏముంది? ఇప్పుడు మనదే కదా."

"ఒకాయనా, ఆయన బావమరిదీ వేటకెళ్లారట. బావమరిది శవమై తేలాడు. ఆయన అసలు దొరకనేలేదు. పడవ మాత్రం ఇంజను ఆడుతుండగానే, మనిషి లేకుండా, తనంతట తనొచ్చి ఇసుక మేటకి తగులుకుందట."

"తాగి కొట్టుకుని నీళ్లలో పడుంటారు."

"అందరూ అదే అంటున్నారు." ఆమె గ్లాసులో నీళ్లు పోసింది. "ఇప్పుడు ఎక్కబోయేదీ బావా బావమరుదులే."

స్పానర్ నవ్వేశాడు గానీ, కంచం సగంలోనే వదిలి లేచాడు.

బావమరిది అంటే ఆమె తమ్ముడు, ఏ పనిలోనూ నిలదొక్కుకోలేకపోయినా ఎక్కడున్నా నలుగురినీ నవ్విస్తూ ఉండే మనిషి. ఆ కథ విని, "దయ్యం ఉంటే మంచిదే బావా, జీతం అడగదు," అన్నాడు.

మొదట్లో అంతా బాగానే సాగింది. సముద్రంలో ఇంజను మొరాయించిన ప్రతివాడూ స్పానర్‌కే ఫోన్ చేశాడు. పని మీద పని. కాకపోతే ఒక్క సంగతి అతనికి ముల్లులా గుచ్చుకునేది. వాళ్లు తాడు అందుకునేవారు, పనిముట్లు అందించేవారు, చేతులు పట్టుకుని మెచ్చుకునేవారు. కానీ ఒక్కడూ ఈ పడవలో కాలు పెట్టేవాడు కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పడవ బయలుదేరే వేళకి గట్టు చివర గొడుగు వేసుకుని ఒకావిడ నిలబడేది. నడివయసు దాటిన మనిషి. పలకరించేది కాదు, చెయ్యి ఊపేది కాదు. పడవ కనుమరుగయ్యేదాకా చూసి వెళ్లిపోయేది. ఆవిడ దొరకకుండా పోయినాయన భార్య అని స్పానర్‌కి తర్వాత తెలిసింది. తెలిశాక అటువైపు చూడటం మానేశాడు.

చలిగాలులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఇద్దరికీ తల దిమ్మెక్కిపోయేది. బావమరిది జోకులు తగ్గాయి. ఇంటికి రాగానే పడుకుండిపోయేవాడు. "దిష్టి," అంది అక్క. "పనెక్కువైంది," అన్నాడు స్పానర్.

ఒకరోజు ముసురులోనే బయలుదేరారు. ఎక్కడో దూరాన ఒక పడవ ఆగిపోయింది. వాన లోపలికి కొట్టకుండా కేబిన్ కిటికీలు బిగించి, తలుపు వేసుకున్నారు. తలుపు చక్కగా పడింది, చుక్క నీరు రాలేదు. వెచ్చగా ఉంది. రేవు కనిపించనంత దూరం వచ్చాక, స్టీరింగు ముందున్న బావమరిది తల తిప్పకుండా అన్నాడు.

"బావా, వెనక ఎవరో కూర్చున్నారు."

అది హాస్యం కాదు. ఆ గొంతులో నవ్వు లేదు, భయమూ లేదు. స్పానర్ వెనక్కి తిరిగాడు. పడుకునే బల్ల, దాని మీద రెండు కోట్లు, అంతే. అయినా ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఏదో అనబోతే నాలుక మందంగా తగిలింది. కడుపులో తిప్పింది. తలుపు తోసుకుని బయటికెళ్లి, వాన పడకుండా దాన్ని మళ్లీ మూసి, పడవ అంచు మీదికి వంగాడు.

ఆ అంచు మోకాలెత్తు కూడా లేదు. వాంతి అవుతుండగా పడవ ఒరిగింది. నడుము దాకా నీళ్ల మీదికి వెళ్లిపోయాడు. కాళ్లు తనవి కానట్టు ఉన్నాయి. పడవ గట్టుకి ఒరుసుకోకుండా పక్కన కట్టిన టైరు తాడు చేతికి దొరకబట్టి సరిపోయింది. వెనక్కి పడి, వాన మొహం మీద కొడుతుంటే అలాగే పడుకుండిపోయాడు.

క్రమంగా తల తేలికపడింది. లేచి లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ తల బరువెక్కింది. బయటికొచ్చాడు, మళ్లీ తేలిక. తలుపుకి ఇవతల ఒకలా, అవతల ఒకలా ఉందంటే ఇది దయ్యం పని కాదు, ఇంజను పొగ పని అని అతని బుర్రకి తట్టింది. ఇంజన్ల దగ్గర బతుకంతా గడిపినవాడికి పొగ వాసన ముక్కుకి ఆనడం ఎప్పుడో మానేసింది.

ఇంజను ఆపేశాడు. కిటికీలు కాలితో తన్ని తెరిచాడు. బావమరిది అప్పటికే స్టీరింగు మీదికి వాలిపోయాడు. చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చాడు. చెంపలు వాయించాడు, పేరు పెట్టి పిలిచాడు, తిట్టాడు. వానలో ఆ పడవ ఎటు కొట్టుకుపోతోందో చూసే తీరిక అతనికి లేదు. చివరికి బావమరిది దగ్గి, కక్కి, కళ్లు తెరిచాడు. స్పానర్ అతని తల ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎలాగో ఒడ్డున పడ్డారు. మర్నాడు కేబిన్ గోడ చెక్కలు ఊడదీశాడు. పడుకునే బల్ల వెనక నుంచి పొగగొట్టం పోతోంది. దాని అతుకు దగ్గర వేలు దూరేంత పగులు ఉంది. చుట్టూ మసి. గోడని ఎవరో ఎంత బిగువుగా కొట్టారంటే, బయటికి సందే లేదు. పొగకి ఉన్న దారి ఒక్కటే, మనుషులు కూర్చునే గదిలోకి. పాత జంటకి ఏం జరిగి ఉంటుందో అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒకడు కక్కడానికి వంగి జారిపోయి ఉంటాడు. రెండోవాడు అతని కోసం తూలుతూ వెళ్లి ఉంటాడు.

తల ఎత్తితే గట్టుమీద గొడుగు. ఈసారి మొహం తిప్పుకోలేదు. వెళ్లి, దగ్గర నిలబడి, ఉన్నదంతా చెప్పాడు.

ఆవిడ పడవకేసి చూసింది.

"అంటే, తాగలేదన్నమాట."

"తాగలేదమ్మా. కొట్టుకోనూ లేదు."

"అందరూ అన్నారు బాబూ. నా తమ్ముడే ఆయన్ని తోసి ఉంటాడని కూడా అన్నారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ చెక్క గోడ వల్లేనా ఇదంతా?"

స్పానర్ తడబడ్డాడు. "అది ముందునుంచీ ఉన్నదే అయ్యుంటుందమ్మా. ఎవరో పాతవాళ్లు కొట్టి ఉంటారు."

"కాదు. ఆయనకి చలికి దగ్గొచ్చేది. గాలి రాకుండా గోడ కట్టుకోమని నేనే పోరు పెట్టాను. ఆయన మేకులు కొడుతుంటే అవతల చెక్క పట్టుకుంది నేను."

ఆవిడ గొడుగు మడిచి, వానలోనే నడిచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భార్యతో అన్నాడు, "చెప్పకుండా ఉండాల్సిందేమో."

"తాగుబోతని నలుగురూ అంటుంటే చెప్పకుండా ఎలా ఉంటావు?" అంది ఆమె. కాసేపటికి, "ఆవిడ దగ్గర ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగింది. అతనికి తెలియదు.

నిజం రేవంతా పాకింది. తాగుడు మాట ఎత్తేవాళ్లు లేకుండా పోయారు. స్పానర్ కేబిన్ మొత్తం కోసేసి, పైన ఒట్టి కప్పు మాత్రం ఉంచాడు. జనం ఇప్పుడు జంకు లేకుండా ఎక్కుతున్నారు. బావమరిది మాత్రం ఐసు ఫ్యాక్టరీలో చేరిపోయాడు, పడవ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు.

ముసురు తగ్గిన ఒక ఉదయం ఆవిడ నేరుగా పడవ దగ్గరికి వచ్చింది. చేతిలో గొడుగు లేదు.

"వాళ్లు పడిపోయింది ఎక్కడై ఉంటుందో నీకు తెలుస్తుందా బాబూ? ఒక్కసారి తీసుకెళ్లు."

కాదనలేకపోయాడు. కానీ ముందు భార్యకి కబురు పెట్టాడు. ఆమె షెడ్డు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ అడగకుండా ఎక్కి ఆవిడ పక్కన కూర్చుంది.

ఇసుక మేట దాటి లోతు నీళ్లలోకి వెళ్లాక ఇంజను ఆపాడు. ఆవిడ లేచి అంచు దగ్గరికి నడిచింది. స్పానర్ భార్య కూడా లేచి, ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. నీళ్లు నల్లగా ఉన్నాయి. ఆవిడ వంగి చూసింది, ఇంకా వంగింది. పట్టుకున్న చెయ్యి ఇంకా బిగిసింది. స్పానర్ ఎటు కదిలితే ఏమవుతుందోనని నిలబడిపోయాడు.

"పోదాం," అంది ఆవిడ చివరికి.

గట్టెక్కాకగానీ భార్య ఆ చెయ్యి వదల్లేదు. వదిలిన చోట వేళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి. ఆవిడ వాటిని చూసుకోలేదు.

"రేపు కూడా తీసుకెళ్తావా బాబూ?" అని అడిగింది.

స్పానర్ భార్య వైపు చూశాడు.

"నేనూ వస్తాను," అంది ఆమె.